జున్ను తినని ఇల్లు

చౌడమ్మ ఫోను చేసినప్పుడు ప్రసన్నలక్ష్మి ఒక పెళ్లిజాకెట్టుకు చేతులు అతుకుతోంది.

"ఆవు మేత ముట్టలేదమ్మా. గొంతులో మామిడిటెంక అడ్డం పడినట్టుండాది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమి సూస్తి, దొరకలేదు. నువ్వొచ్చి ఒకతూరి సూడమ్మా."

మిషను చక్రం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఇంక చెయ్యి పెట్టొద్దక్కా. నేనొచ్చేదాకా ఎవురూ దాన్ని ముట్టుకోవద్దండి" అని, గుడ్డ మిషను మీదే వదిలేసి లేచింది.

మదనపల్లె నుంచి వంకమిట్టపల్లెకు పోవాలంటే పుంగనూరు రోడ్డులో సగం దూరం పోయి పక్కకు తిరగాలి. దారి పొడుగునా తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతున్నాయి. ఈ కాలంలో టెంకలకు కొదవా? ప్రతి పశువూ రోజుకొకటన్నా నములుతుంది. టెంకే అయ్యుంటుంది అనుకుంది ప్రసన్నలక్ష్మి. మళ్లీ అనుకుంది. అన్నిసార్లు అనుకోవాల్సి వస్తోందంటేనే తనకు నమ్మకం లేదని ఆమెకు తెలుసు.

ఊళ్లోకి తిరగ్గానే కుక్కలు ఎదురొచ్చాయి. స్కూటీ చప్పుడు వాటికి గుర్తు. అన్నిటికీ ఎడమచెవి కొన కత్తిరించి ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయింది, పిచ్చి పట్టకుండా సూదులు పడ్డాయి అనడానికి అదే గుర్తు. రెండేళ్ల కిందట ఈ ఊరు కుక్కలన్నిటికీ మందు పెట్టి చంపాలని తీర్మానం చేసుకుంటే, ఈమె పంచాయతీ మెట్ల మీద కూర్చుని లేవనంది. పూచీ నాదని చెప్పింది. అప్పటి నుంచి ఊరు ఆమెకు కుక్కలమ్మ అని పేరు పెట్టింది. ఎదురుగా అనేవాళ్లు సగం, వెనక అనేవాళ్లు సగం. ఆమె రెండింటికీ పలికేది. పశువుకు ఏమైనా ముందు ఆమెకే ఫోను చేసేవాళ్లు.

చౌడమ్మ కొట్టంలో ఆవు గుంజను కొమ్ములతో పొడుస్తోంది. మూతి నుంచి చొంగ తీగలుగా సాగుతోంది. అరుస్తోంది గానీ అది అంబా అనడం కాదు. గొంతు బొంగురుపోయి, ఒకే అరుపు, విడవకుండా. ఇటువంటి అరుపు ప్రసన్నలక్ష్మి ఇదివరకు ఒకేసారి విన్నది, కలకడ దగ్గర ఒక ఎద్దుది. దాని సంగతి ఏమైందో కూడా చూసింది. 

"పక్కింటోళ్లు ఆముదం పోసినారు, వెదురుగొట్టంతో. ఇద్దరు మూతి పట్టుకుంటే ఒకరు పోసినారు" అని చెప్పింది చౌడమ్మ. భర్త పోయాక ఆ ఆవు మీదే నెట్టుకొస్తున్న మనిషి. ఆవు ఈని వారం కూడా కాలేదు. దూడ ఒక పక్క కట్టేసి ఉంది.

ఆమె ఫోను చేస్తే పుంగనూరు నుంచి పశువుల డాక్టరు నాగేంద్ర వచ్చాడు. చేతులకు మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, దగ్గరికి పోకుండానే చాలాసేపు చూశాడు. తర్వాత తన బండి దగ్గరికి నడిచాడు. ప్రసన్నలక్ష్మి వెనకే పోయింది.

"టెంక కాదు. మీకూ తెలుసు."

"పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేం గదా సార్?"

"ఖాయం కావాలంటే అది చావాల. ఎట్లాగూ రేపటికి చస్తాది. నోట్లో చెయ్యి పెట్టినోళ్లు మాత్రం ఆగకూడదమ్మా. అందరికీ సూదులు పడాల. ఊళ్లో నేను చెప్పేదా, మీరు చెప్తారా?"

"నేను చెప్తాను. రేపు పొద్దున."

"రేపెందుకు?"

ఆమె వీధి వైపు చూసింది. రచ్చబండ నీడలో నాలుగు కుక్కలు పడుకుని ఉన్నాయి. ఈ మాట ఇప్పుడు చెబితే చీకటి పడేలోపల అవి ఉండవు. నాగేంద్ర కూడా అటే చూశాడు. తల అడ్డంగా ఊపి, "మీ ఇష్టం. నాకైతే మంచిగా అనిపించలేదు" అని బండి తీశాడు.

ప్రసన్నలక్ష్మి చౌడమ్మ చేతులను సబ్బుతో తానే రుద్ది రుద్ది కడిగింది. ఆముదం పోసినవాళ్లను పిలిపించి వాళ్లచేతా కడిగించింది. దూడను దూరంగా కట్టించింది. పాలు పిండొద్దంది.

"అమ్మా, ఇదేమన్నా పిచ్చా?" అని చౌడమ్మ అడిగింది. అడిగేటప్పుడు ఆమె కళ్లు ఈమె మొహం మీద నుంచి కదల్లేదు.

"సూద్దామక్కా. రేపు అందరం ఒకతూరి ఆసుపత్రికి పోయొద్దాం. ముందు జాగర్త."

అబద్ధం చెప్పలేదు. నిజం కూడా చెప్పలేదు. ఇంటికి పోయేదాకా ఆ మాట ఆమెను తింటూనే ఉంది. ఒక రాత్రి ఆలస్యానికి ఎవరికీ ఏమీ కాదని తనకు తానే చెప్పుకుంటోంది, కానీ అదే మాట ఇంకెవరన్నా అంటే వాళ్ల చెంప పగలగొట్టి ఉండేది.

*

తెల్లారేసరికి ఆవు పోయింది. ప్రసన్నలక్ష్మి పోయేసరికి నాగేంద్ర తన పని చేసి, ఆవు తలను మంచుపెట్టెలో పెట్టి పరీక్షకు పంపించేశాడు. పిచ్చి ఉందో లేదో మెదడులోనే తేలుతుందని పశువులు పెంచే ఊరికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చౌడమ్మ వాకిట్లో ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒక్కరూ గట్టిగా మాట్లాడడం లేదు.

మాట్లాడుతున్నది సిద్దప్ప ఒక్కడే. పెద్ద మామిడితోట ఉన్న ఆసామి, ఊళ్లో ఆయన మాటకు ఎదురుండదు. ఎండాకాలమంతా పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి తిరిగే మనిషి, ఈ రోజు దాన్ని మడమల దాకా వదిలి, కొంగు ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రామ్మా కుక్కలమ్మా. నీ మాట ఇని ఇడ్సిపెడితిమి. ఇప్పుడేమంటావు? ఈ ఊళ్లో ఒక్క కుక్క మిగలకూడదు. మా పాలేరు గంగులప్పను పుంగనూరికి పంపించుండా. కోడిపేగులు తెస్తాడు. మాపటికి మందు కలిపి పెడతాం. అడ్డమొస్తివంటే మంచిగుండదు."

"చెవి కొన తీసిన కుక్కలకన్నిటికీ ఈ ఏడు గూడా సూదులేపించినామన్నా. వాటిల్లో ఏదీ..."

"అయితే ఆవును నేను కరిస్తినా?"

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. అంతలో చౌడమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"జున్ను! ఊరంతటికీ జున్ను పంచితినే! నా చేతులారా పంచితినే!"

ఆ ఊళ్లో ఆవు ఈనితే జున్ను ప్రతి ఇంటికీ పోవాలి. పంచకుండా తాము ముట్టరు. గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు, అడుగున చిటికెడు బెల్లమో నాలుగు బియ్యపు గింజలో వేసి ఇవ్వాలి. నాలుగురోజుల కిందట ఊళ్లో అందరూ వేళ్లు నాక్కుంటూ తిన్న జున్ను అది. ఇప్పుడు ఆడవాళ్లు గొంతులు పట్టుకున్నారు. ఒకామె పిల్లను వొంచి నోట్లో వేలు పెట్టి కక్కించబోయింది. ఒక ముసలాయన అరుగు మీద కూలబడి దేవుళ్లను పేరుపేరునా పిలవడం మొదలుపెట్టాడు.

ప్రసన్నలక్ష్మి అరుగెక్కింది. 

"ఇనండి. ఉడకబెట్టిన జున్నులో ఏమీ ఉండదు. భయపడాల్సింది ఆవు నోట్లో చెయ్యి పెట్టినోళ్లూ, ఆముదం పోసినోళ్లూ, పచ్చిపాలు తాగినోళ్లూ. అయినా అందరం పోదాం, డాక్టరు నోటితోనే ఇనండి. ఇంకో మాట. నిన్ననే నాకు అనుమానమొచ్చింది. నేను సెప్పలేదు. కుక్కల్ని సంపుతారని సెప్పలేదు."

నీళ్ల కుళాయి దగ్గర నిలబడిన లత, వెదురుగొట్టం పట్టుకున్న మనిషి భార్య, ముందుకొచ్చింది. "నాలుగు కుక్కల కోసరం నా మొగుణ్ని సంపుదామనుకుంటివా?" అంది. అరవలేదు. మామూలుగా అడిగినట్టే అడిగింది. ప్రసన్నలక్ష్మి అరుగు దిగింది. తప్పు చేశానని తెలిసిన మనిషి ఎట్లా నిలబడుతుందో అట్లా, తల వంచుకుని నిలబడింది.

మధ్యాహ్నం ట్రాక్టరు కట్టుకుని అందరూ ఆసుపత్రికి పోవాలని తేలింది. జనం ఇళ్లకు పోయారు. చౌడమ్మ మాత్రం ఖాళీ గుంజ పక్కన కూర్చుని, జున్ను ఏ ఇంటికి పోయిందో వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకుంటోంది.

"సిద్దప్ప ఇంటోళ్లకు పుణ్యముండాది. ఆయప్పకు జున్నంటే పాణం. ఏటా గిన్నె చాలదని ఇంకొంచెం అడిగి తెప్పించుకుంటాడు. ఈ తూరి గిన్నె గిన్నెట్లనే తిప్పి పంపించినాడమ్మా, ఏలు గూడా పెట్టలేదు. నాకు అప్పుడు కోపమొచ్చె. దేవుడే అడ్డం పడినాడని ఇప్పుడనిపిస్తాండాది."

ప్రసన్నలక్ష్మి ఆ మాట విన్నది గానీ పట్టించుకోలేదు. ఆమె మనసంతా కోడిపేగుల మీద ఉంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమని సిద్దప్పను బతిమాలాలి. కాళ్లు పట్టుకోవాల్సి వస్తే పట్టుకోవాలి.

*

సిద్దప్ప ఇంటి గేటు దగ్గర అలవాటు కొద్దీ ఆగింది. ఏ ఇంటికి పోయినా ముందు కుక్క అరుపు కోసం ఆగుతుంది. అందులోనూ ఈ ఇంటిది నల్లటి వేటకుక్క, ఆమెను ఎన్నడూ గేటు దాటనివ్వలేదు. చెవి తెగని కుక్క ఊళ్లో అదొక్కటే. సూదులు వేసిన రెండుసార్లూ అది తోటకు పోయిందన్నాడు సిద్దప్ప. సూదేస్తే కుక్క చల్లబడి కాపలాకు పనికిరాదని ఆయన నమ్మకం. ఆ మాట ఊళ్లో నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లు.

ఏ అరుపూ రాలేదు. కొట్టం స్తంభానికి గొలుసు వేలాడుతోంది. ఆమె లోపలికి నడిచింది.

సిద్దప్ప వసారాలో గోడకు ఆనుకుని తింటున్నాడు. చప్పిడి గంజన్నం. కూర లేదు, నంచుకోను ఊరిబిండి లేదు, మజ్జిగ కూడా లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. లోపలి నుంచి భార్య శారదమ్మ, "ఇంగ వారమే గదా, ఓర్సుకో. ఉప్పూ పులుపూ ముడితే మందు ఇరిగిపోతాదని సెప్పలేదా" అంటూ గడప దాకా వచ్చి, ప్రసన్నలక్ష్మిని చూసి నోరు మూసుకుంది.

ఉప్పు లేదు. పులుపు లేదు. పాలూ నెయ్యీ లేవు, జున్నూ ముట్టకూడదు. ఆ పథ్యం దేనికి చేస్తారో ప్రసన్నలక్ష్మికి బాగా తెలుసు. ఈ పల్లెల్లో ఆ పథ్యం మానిపించడానికి ఆమె తిరగని గడప లేదు.

"యాడ కరిసిందన్నా?"

ముద్ద చేతిలోనే ఆగింది. "ఏంది?"

"నీ కుక్క. యాడ కరిసింది?"

"పో, పో. వొచ్చేసింది పెద్ద..." అన్నాడు గానీ గొంతులో బలం లేదు. శారదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గడప మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడుపు చూశాక సిద్దప్పకు దాచడానికి ఏమీ మిగల్లేదు. పంచె పిక్క దాకా జరిపాడు. పళ్లు దిగిన చోట మచ్చలు నల్లగా కట్టాయి, పైన ఎండిపోయిన పసరు పూత.

నెల కిందట, గంగమ్మ జాతర నాడట. కంచె దగ్గర మేస్తున్న చౌడమ్మ ఆవు మీద కుక్క పడిందట. విడిపించబోతే ఈయన మీద పడింది. గడ్డపారతో కొట్టి చంపి తోటలోనే పూడ్చాడు. మర్నాడే కుప్పం దాటి గుడుపల్లె దావలో కుక్కకాటుకు పసరు పోసే ఆయన దగ్గరికి పోయి తాగొచ్చాడు.

"ఆయప్ప దగ్గర పసరు తాగినోళ్లు ఒక్కరు గూడా పోలేదంట."

"పోయినోళ్లు తిరిగొచ్చి సెప్పరు గదన్నా."

సిద్దప్ప ఆమె వైపు చూశాడు. ఇంతసేపూ ఊరిని అదిలించిన కళ్లు అవి. ఇప్పుడు వాటిలో ఉన్నది చూసి ఆమెకే భయమేసింది. అన్ని కుక్కల్నీ చంపాలని ఈయన ఎందుకు అరుస్తున్నాడో అప్పుడు అర్థమైంది. ఏ కుక్కను చూసినా ఈయనకు తన పిక్కే గుర్తొస్తోంది.

"ఇప్పుడైనా రండన్నా. ఇంకా టైముండాది. ట్రాక్టరు పోతాండాది, దాంట్లోనే..."

"సూది పడకూడదు. పసరు కడుపులో ఉండంగా సూది పడితే రెండూ కొట్లాడి పాణం తీస్తాయన్నాడు. పథ్యం అయిపోయేదాకా ఆసుపత్రి దావే తొక్కొద్దన్నాడు."

"అది అబద్ధం. నా బిడ్డమీద ఒట్టు, అది అబద్ధం."

"అబద్ధమైతే సూదితో బతుకుతా. నిజమైతే సూదితోనే పోతా. ఏది నిజమో నాకెట్ల తెలుస్తాది?" ఆయన చేతులు జోడించాడు, ఎంగిలి చేత్తోనే. "ఎవురికీ సెప్పొద్దమ్మా. ఆ ముండమోసినామె ఆవు నా కుక్క వల్లనే పోయిందని తెలిస్తే ఈ ఊళ్లో తలెత్తుకోలేను."

వీధిలోకి పోయి ఒక్క మాట అంటే చాలు. కోడిపేగులు పెంటదిబ్బకు పోతాయి, కుక్కలన్నీ బతుకుతాయి. కానీ ఆ మాట విన్న మరుక్షణం ఈ మనిషి తలుపు మూసుకుంటాడు, మళ్లీ తీయడు. ఆ లోపల, శారదమ్మ చూస్తుండగా, ఆ ఆవు పోయినట్టే పోతాడు.

"సెప్పను" అంది ప్రసన్నలక్ష్మి. "ఎవురికీ సెప్పను. మీరు మాత్రం రండి."

ఆయన గంజన్నం పక్కకు నెట్టాడు. శారదమ్మ వైపు చూసి ప్రసన్నలక్ష్మి బయటికి నడిచింది. వీధి మలుపు దాకా పోయాక గుర్తొచ్చింది, తాను వచ్చిన పని అడగనే లేదని.

*

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో వరస గేటు దాకా పోయింది. నర్సు దీప బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కరినీ అడుగుతోంది. చెయ్యి పెట్టినారా? పచ్చిపాలా? ఉడికిన జున్నా? జున్ను ఒక్కటే తిన్నవాళ్లకు సూది అక్కర్లేదని డాక్టరు వచ్చి చెప్పినా ఎవరూ కదల్లేదు. ఏదో ఒక సూది పడితే గానీ ఇంటికి పోయేట్టు లేరు. ఆముదం పోసిన ముగ్గురికీ అయింది. లత మొగుడు సూది పడిన భుజం రుద్దుకుంటూ పెళ్లాం పక్కన కూర్చున్నాడు. ఆమె ప్రసన్నలక్ష్మి వైపు చూడలేదు.

చౌడమ్మను ముందే పిలిచారు గానీ ఆమె ముందు ఊరందరిదీ కానీయండి అని వెనక్కి జరుగుతూ వచ్చింది. ఇప్పుడు బల్ల ముందరికి చేరింది.

ఎవరి ఫోనుకో ఊరి నుంచి కబురొచ్చింది. గంగులప్ప పేగులు తెచ్చాడట, మందు కలుపుతున్నాడట. ఆ మాట వరస పొడుగునా పాకింది. కొందరు మంచిదే అన్నారు. ప్రసన్నలక్ష్మి గోడకు ఆనుకుంది. అక్కడ రచ్చబండ కింద పడుకున్నవి ఒక్కొక్కటీ కళ్ల ముందు ఆడుతున్నాయి. స్కూటీ చప్పుడు వింటే ఎదురొచ్చేవి, పేగుల గిన్నె చప్పుడు విన్నా ఎదురుపోతాయి. నోటి దాకా వచ్చిన మాటను మింగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ మింగింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుని మనిషిని కూడా పోగొట్టుకుంటానేమో, రెండిటికీ చెడతానేమో అని గేటు వైపే చూస్తోంది.

గేటు ముందర ఆటో ఆగింది. ముందు శారదమ్మ దిగింది. తర్వాత సిద్దప్ప. ఎవరినీ చూడకుండా వచ్చి వరస చివర నిలబడ్డాడు.

"నీకేల సిద్దప్పన్నా?" అన్నారెవరో. "నువ్వు జున్నే తినలేదు గదా. గిన్నె తిప్పి పంపించినావని చౌడమ్మ పొద్దున్నుంచీ సెప్తానే ఉండాది."

"భయం ఎవురినీ ఇడిసిపెట్టలేదబ్బా" అని ఇంకొకరు నవ్వారు.

సిద్దప్ప వరస చివర నుంచి బయటికొచ్చాడు. వెనక్కి పోతాడనుకుంది ప్రసన్నలక్ష్మి. ఆయన వెనక్కి పోలేదు. అందరి పక్క నుంచీ నడుచుకుంటూ బల్ల దగ్గరికి పోయాడు.

"సెయ్యి పెట్టినారా? పచ్చిపాలా?" దీప తలెత్తకుండానే అడిగింది.

"ఏదీ లేదమ్మా. నన్ను కరిసింది. నా కుక్కే." పంచె పైకి లాగాడు. ఈసారి మోకాలు దాటి, మునుపటి మాదిరి.

"ఎప్పుడు?"

"గంగమ్మ జాతర నాడు."

దీప తలెత్తింది. ఆ పిక్క వైపు, తర్వాత ప్రసన్నలక్ష్మి వైపు చూసింది. ఆ చూపులో ఉన్న లెక్క ఇద్దరికీ తెలుసు. ఇన్నాళ్లంటే ఇంక ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు. రేపే కావచ్చు, ఎప్పటికీ కాకపోవచ్చు. నర్సు లేచి డాక్టరును పిలవడానికి లోపలికి పోయింది, నడుస్తూ పోయి చివరి రెండడుగులూ పరుగెత్తింది.

 చౌడమ్మ సిద్దప్పకు ఎదురుగా నిలబడింది.

"నా ఆవును గూడా అదేనా?"

"అదే."

"తెలిసే ఊరుకుంటివా?"

ఆయన తల వంచుకున్నాడు. చౌడమ్మ చెయ్యి లేచింది. కొడుతుందనే అందరూ అనుకున్నారు. ఆ చెయ్యి గాలిలోనే కాసేపు ఉండి, ఆయన భుజం పట్టుకుని బల్ల ముందున్న కుర్చీలోకి నెట్టింది.

"ఆవు పోతే పోనీలే అని నేను అననప్పా. నా కడుపు మండిపోతాండాది. ముందర నువ్వు ఏపించుకో. నిన్ను తర్వాత తిడతా."

సిద్దప్ప కుర్చీలో కూర్చుని జేబులోంచి ఫోను తీశాడు. నంబరు నొక్కాడు. "గంగులప్పా, ఆ పేగులు పూడ్సిపెట్టప్పా. లోతుగా తవ్వి పూడ్సు, పైన రాయి పెట్టు. ఏ కుక్కా ఆ తావుకు పోకూడదు." అవతల ఏదో అడిగారు. "ఎందుకంటే నేను సెప్తాండాను గాబట్టి."

సూది వేశారు. కరిచిన చోట చుట్టూ వేసే మందు అక్కడ లేదని, మదనపల్లె పెద్దాసుపత్రికి ఇప్పుడే పంపాలని డాక్టరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. వాహనం వచ్చేదాకా సిద్దప్పను వరండా బెంచీ మీద కూర్చోబెట్టారు. పసరూ సూదీ కొట్లాడుకుంటాయేమోనని ఆయన తన కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. శారదమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"నీళ్లు" అన్నాడు కాసేపటికి.

ఎవరూ కదల్లేదు. ఆ మాట వినగానే వరండాలో అందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. పశువులు పెంచే ఊరు అది, పిచ్చి పట్టిన గొంతులో నీళ్లు దిగవని దానికి తెలుసు. ప్రసన్నలక్ష్మి తన సంచిలోని సీసా తీసి మూత తిప్పింది.  సీసా ఆయనకు ఇచ్చి, పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కుక్కల కోసం మనుషులతో ఏళ్లుగా పోట్లాడుతున్న ఆమె, ఈ ఒక్క మనిషి గొంతు కదలాలని కోరుకున్నంతగా ఇంకేదీ ఎప్పుడూ కోరుకోలేదు.

సిద్దప్ప సీసా ఎత్తాడు. ఒక గుక్క పోయింది. ఆగాడు. ఇంకొకటి పోయింది. గడ్డం మీదుగా కొంత కారి చొక్కా తడిసింది.

"దిగతాండాయి గదమ్మా?" అని ఆమెనే అడిగాడు.

"దిగతాండాయన్నా" అంది ప్రసన్నలక్ష్మి. "తాగండి. ఇంకా తాగండి."